ఇంట్లో ఇంటర్నెట్ మాటిమాటికీ ఎందుకు తెగుతుంది?

పూర్తిగా చెడిపోయిన వస్తువుతో అంత చిక్కు లేదు. అది చెడిన సంగతి అందరికీ కనబడుతుంది. బాగుచేసే మనిషి వస్తాడు, చేసి పోతాడు. వచ్చి పోయే రోగంతోనే అసలు బాధ. వైద్యుడు వచ్చి నాడి పట్టుకునే వేళకు జ్వరం వుండదు. ఆయన వీథి మలుపు తిరిగేసరికి మళ్ళీ వణుకు పుడుతుంది. ఇంట్లోని బ్రాడ్‌బాండ్ కనెక్షను మాటిమాటికీ తెగిపోవటం సరిగ్గా అటువంటి వ్యాధి. కంపెనీ మనిషి వచ్చి చూసినంతసేపూ అది బుద్ధిగా పనిచేస్తుంది. "అంతా బాగానే వుంది గదండీ" అని అతడు వెళ్ళిపోతాడు. అరగంటకు మళ్ళీ మొదటికి వస్తుంది.

ఇది చిన్న విషయమని కొట్టివేయటానికి వీలులేదు. మన సంఘ కుటుంబాలలో చాలా ఇండ్లలో పెద్దవారొకచోట, పిల్లలొకచోట. వారానికొకసారి మనుమడి ముఖం చూచే ఆ పావుగంట కోసం ముసలితల్లి వారమంతా ఎదురు చూస్తుంది. మాట సగంలో వుండగా ఆ ముఖం బొమ్మవలె బిగుసుకుపోతే, "సరేలే నాన్నా, మళ్ళీ వారం మాట్లాడుదాం" అని ఆవిడే సర్దుకుంటుంది. ఇక రెండో సంగతి. షోలాపురంలోనో, బరంపురంలోనో, హోసూరులోనో పుట్టి పెరుగుతున్న మన పిల్లలు కొందరు బడిలో తెలుగు లేక, ఆదివారంనాడు ఇంటర్నెట్ ద్వారా అక్షరాలు దిద్దుకుంటున్నారు. గుణింతం మధ్యలో రెండుసార్లు పాఠం తెగితే మూడోసారి పిల్లవాడు వచ్చి కూర్చోడు. పోయేది ఒక గంట పాఠం కాదు, ఒక అలవాటు. కనుక యీ విషయం కుటుంబపత్రికలో చర్చించదగినదేనని మా అభిప్రాయం.

ఈ వ్యాధికి చాలామంది చేసే వైద్యం రెండే రెండు. ఒకటి, ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టటం. రెండు, రెండు మూడు వేలు పోసి కొత్త రూటరు కొనటం. మొదటిది రోగాన్ని కాసేపు అణిచి, దాని గుర్తులను చెరిపివేస్తుంది. రెండవది రోగమేదో తెలియకుండానే మందు మింగటం. ఈ రెంటికీ ముందు చేయవలసిన పని ఒకటి వున్నది. ఎక్కడ తెగుతున్నదో కనిపెట్టటం. దానికి ఇంజనీరు చదువు అక్కరలేదు. కళ్ళు, గడియారము, ఒక చిన్న నోటుపుస్తకము చాలు.

దారి ఏమిటి?

మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న. అప్పుడు మామూలు టెలిఫోను తీగ మీద కీచుమంటూ వచ్చేది. 2004లో ప్రభుత్వం బ్రాడ్‌బాండ్ విధానం ప్రకటించినప్పుడు సెకనుకు 256 కిలోబిట్ల వేగముంటే దానిని బ్రాడ్‌బాండ్ అనవచ్చునన్నారు. 2013లో దానిని 512కు, 2023లో 2 మెగాబిట్లకు పెంచారు. ఈ మధ్యకాలంలోనే రాగితీగ స్థానాన్ని చాలా ఊళ్ళలో గాజుతీగ ఆక్రమించింది. దానినే ఫైబరు అంటున్నారు. గాజు పోగులో వెలుతురును పంపి దూరపు వార్తలు చేరవేయవచ్చునని 1966లో చార్లెస్ కావ్ అనే శాస్త్రజ్ఞుడు చూపించాడు. 2009లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది.

ఈ గాజు పోగు మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. అందులో వెలుతురు నడిచే నడిమి భాగం ఇంకా సన్నం, సుమారు 9 మైక్రాన్లు. అనగా మిల్లీమీటరులో నూరోవంతు కంటె తక్కువ. కంపెనీవారి కేంద్రం నుండి బయలుదేరిన ఒక పోగును దారిలో చీల్చి 32 ఇండ్లకో, 64 ఇండ్లకో పంచుతారు. అది మన గోడకు తగిలించిన పెట్టెలోకి వస్తుంది. ఆ పెట్టె వెలుతురును విద్యుత్ సంకేతాలుగా మార్చి, వైఫై రూపంలో గాలిలోకి వదులుతుంది. మన సెల్‌ఫోను దానిని అందుకుంటుంది.

కాబట్టి తెగటానికి చోట్లు నాలుగు. పెట్టెకు అందే కరెంటు ఒకటి. వీథి నుండి వచ్చే తీగ రెండు. పెట్టె నుండి ఫోనుకు పోయే గాలిదారి మూడు. మన ఇంటికి సంబంధం లేని కంపెనీ కేంద్రం నాలుగు. ఇందులో ఏది దోషియో చెప్పే సాక్షులు మన కళ్ళ ముందే వున్నారు. వారే ఆ పెట్టె మీది చిన్న దీపాలు.

దీపాల సాక్ష్యం

పెట్టె మీద ప్రతి దీపం కింద ఇంగ్లీషు అక్షరాలు అచ్చువేసి వుంటాయి. పవర్ అంటే కరెంటు. పి.ఓ.ఎన్. అన్నది వెలుగుతూ నిలకడగా వుంటే, కంపెనీ కేంద్రం మన పెట్టెను గుర్తుపట్టిందని అర్థం. ఎల్.ఓ.ఎస్. అన్నది ఆరివుండటమే మంచిది. అది ఎర్రగా మిణుకు మిణుకుమంటే తీగలో వెలుతురు రావటం లేదన్నమాట. ఇంటర్నెట్ అన్నది మన ఖాతా లోపలికి ప్రవేశించిందనటానికి గుర్తు. వైఫై దీపం సంగతి చెప్పనక్కరలేదు.

కనెక్షను తెగిన క్షణంలో ఏ దీపం ఎట్లా వుందో చూస్తే సగం పరీక్ష అయిపోయినట్లే.

దీపాలన్నీ ఒక్కసారి ఆరి, మళ్ళీ ఒకటొకటిగా వెలిగితే, దోషం కరెంటుది గాని తీగది కాదు.

ఎల్.ఓ.ఎస్. ఎర్రగా మిణుకుతుంటే, తీగ ఎక్కడో తెగింది, లేదా బాగా వంగింది.

ఎల్.ఓ.ఎస్. ఆరివుండి పి.ఓ.ఎన్. మాత్రం మిణుకుతుంటే, వెలుతురు వస్తున్నది గాని గుర్తింపు కుదరటం లేదు. వెలుతురు చాలకపోయినా అట్లా జరుగుతుంది.

పి.ఓ.ఎన్. నిలకడగా వుండి ఇంటర్నెట్ దీపం ఆరిపోతే, కంపెనీవారి కేంద్రంలో చిక్కు వుండవచ్చు. లేదా మన బిల్లు గడువు దాటివుండవచ్చు.

దీపాలన్నీ చక్కగా వెలుగుతూ ఫోనులో మాత్రం ఆగిపోతే, చాలావరకు తప్పు గాలిదారిది.

ఒక్కొక్క పెట్టెకు రంగులు, గుర్తులు కొంచెం వేరు వేరుగా వుంటాయి. కనుక అంతా బాగున్న రోజున సెల్‌ఫోనుతో ఆ దీపాలను ఒక ఫోటో తీసి వుంచండి. ఆరోగ్యంగా వున్నప్పటి ముఖం తెలిసినవారికే జబ్బు ముఖం తెలుస్తుంది.

ఇంకొక హెచ్చరిక. పెట్టె వెనుక సూదిమొన పట్టే చిన్న బెజ్జం ఒకటి వుంటుంది. అది రీసెట్ మీట. పిల్లలు దానిని పొడిస్తే కంపెనీవారు లోపల రాసిపెట్టిన పేరు, పాస్‌వర్డు, మిగతా అమరికలు తుడిచిపెట్టుకుపోవచ్చు. తర్వాత వారి మనిషి వచ్చి తిరిగి రాసేదాకా ఇంట్లో ఇంటర్నెట్ వుండదు. ఆపి మళ్ళీ పెట్టటం వేరు, రీసెట్ వేరు. ఆపి పెట్టదలిస్తే ప్లగ్గు తీసి ఒక నిమిషం ఆగి పెట్టండి. అదికూడా దీపాలు చూసి, టైము రాసుకున్న తర్వాతనే.

కరెంటు చేసే చేటు

మాకు తెలిసిన ఒక ఇంట ప్రతిరోజూ ఉదయం ఆరున్నరకూ, రాత్రి ఏడున్నరకూ ఇంటర్నెట్ తెగేది. రెండు నెలలు ఫిర్యాదులు చేశారు. ఇద్దరు మనుషులు వచ్చి తీగ మార్చారు. లాభం లేకపోయింది. చివరకు ఆ ఇంటి కోడలు గడియారం చూసి నాలుగు రోజులు టైము రాసింది. ఐదవ రోజున, "అత్తయ్యా, మనం మోటారు వేసే వేళ యిదే గదా!" అన్నది. నీళ్ళ మోటారు తిరగటం మొదలుపెట్టే క్షణంలో వోల్టేజి జారేది. ఆ జారుడుకు పెట్టె ఆరి మళ్ళీ వెలిగేది. పెట్టెకు చిన్న బాటరీ యు.పి.యస్. ఒకటి అమర్చగానే రోగం పోయింది.

రూటర్లకు సాధారణంగా 12 వోల్టుల అడాప్టరు యిస్తారు. ఏళ్ళ తరబడి వేడెక్కి అది బలహీనమవుతుంది. వోల్టేజి నిలకడగా యివ్వలేనప్పుడు పెట్టె తనంతట తానే ఆగి మొదలవుతూ వుంటుంది. అడాప్టరు మార్చదలిస్తే దాని మీద రాసిన వోల్టులు పాతదానితో సరిపోవాలి. ఆంపియర్లు పాతదానికంటె తగ్గకూడదు. ఇన్వర్టరు వున్న ఇండ్లలో కూడా, కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునే ఆ రెప్పపాటులో పెట్టె ఆరిపోవటం కద్దు. అట్టివారికీ యీ చిన్న యు.పి.యస్. ఉపకరిస్తుంది. వదులుగా వున్న ప్లగ్గు, ఒకే ఎక్స్‌టెన్షను బోర్డుకు మిక్సీ, ఇస్త్రీపెట్టె, రూటరు అన్నీ తగిలించటం, టీవీ వెనుక గాలి ఆడని అరలో పెట్టెను దాచటం – యివన్నీ ఖర్చు లేకుండా సరిచేసుకోదగినవి.

తీగ సంగతి

గాజుతీగకు తుప్పు లేదు, పిడుగుపాటు దాని వెంట నడిచి రాదు. కాని దానికి వంపు పనికిరాదు. మూలలో గట్టిగా మడిచినా, బీరువా కింద నలిగినా, తలుపు సందులో పడినా, వెలుతురు పక్కకు కారిపోతుంది. తలుపు వేసినప్పుడే తెగుతున్నదంటే కారణం అక్కడే వెతకాలి. ఎక్కువైన తీగను అరచేయంత వెడల్పు చుట్టలుగా వదులుగా చుట్టి వుంచండి. మేకు కొట్టి బిగించవద్దు.

ఇంటికి వచ్చిన కంపెనీ మనిషి దగ్గర వెలుతురు కొలిచే చిన్న మీటరు వుంటుంది. డి.బి.యం. అనే కొలతలో అది ఒక మైనస్ అంకె చూపిస్తుంది. ఆ అంకె ఎంతో అడిగి రాసుకోండి. సాధారణంగా వాడే రకం పెట్టెలు మైనస్ 8 నుండి మైనస్ 27 దాకా పనిచేయగలవు. మైనస్ అంకె 3 పెరిగిందంటే వెలుతురు సగానికి తగ్గిందని లెక్క. మైనస్ 20 వున్న ఇంట చిన్న వంపు వచ్చినా ఏమీ కాదు. మైనస్ 27 దగ్గర ఊగిసలాడే ఇంట కొంచెం దుమ్ము చాలు, గాలికి తీగ వూగటం చాలు. "మీటరులో సిగ్నలు వస్తున్నది, బాగానే వుంది" అన్న మాటతో తృప్తిపడరాదు. ఎంత వస్తున్నదన్నదే ప్రశ్న. అంకె తక్కువగా వుంటే కొసను శుభ్రపరచమనీ, వీథిలోని అతుకు చూడమనీ అడగటం మన హక్కు.

ఒక జాగ్రత్త. తీగ కొసను ఊడదీసి కంటికెదురుగా పెట్టుకుని చూడవద్దు. అందులోని వెలుతురు కంటికి కనబడనిది. కనబడదు కాబట్టి హాని లేదనుకోరాదు. పిల్లలకు యీ మాట ముందే చెప్పండి.

ఇంటి బయట తీగకు శత్రువులు చాలామంది. ఉడుతలు, ఎలుకలు, కోతులు, చెట్టుకొమ్మలు నరికేవారు, రోడ్డు తవ్వేవారు. తవ్వేవారు ముందుగా తెలియజేయటానికి 2023లో కేంద్రప్రభుత్వం ఒక సెల్‌ఫోను యాప్ ప్రవేశపెట్టింది. అయినా పార, గునపం దానిని చూచి పనిచేయవు. బరంపురం వైపువారికి తుపాను సంగతి వేరే చెప్పాలా? 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు స్తంభాలే నేలకొరిగాయి. అటువంటి వేళ ఇంటి పెట్టెను తిట్టి లాభం లేదు. తుపాను తర్వాత వేసిన అతుకులు మాత్రం తరువాతి వానలలో బయటపడుతుంటాయి.

ఇంకా రాగితీగ మీదనే వున్న ఇండ్లు కొన్ని వున్నవి. యానాంవంటి ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో రాగి అతుకులు త్వరగా పాడవుతాయి. వాన పడ్డప్పుడల్లా తెగుతుంటే అతుకులోకి నీరు దిగుతున్నదని అనుమానించవచ్చు. టెలిఫోను ఎత్తి వినండి; గరగర వినిపిస్తే తీగదే దోషం. ఫోను మోగినప్పుడే ఇంటర్నెట్ తెగుతుంటే, ఫోనుకూ మోడెముకూ మధ్య వుండవలసిన ఫిల్టరు లేదన్నా వుండాలి, చెడిపోయిందన్నా వుండాలి.

గాలిదారి

దీపాలన్నీ బాగుండి ఫోనులో మాత్రం ఆగుతున్నదంటే, పడకగదిలోనో, మేడమీదనో అట్లా జరుగుతున్నదేమో చూడండి. వైఫైలో సాధారణంగా రెండు దారులుంటాయి. 2.4 గిగాహెర్ట్‌జ్ దారి దూరం పోతుంది, గోడలు దాటుతుంది. కాని అందులో రద్దీ ఎక్కువ. పక్కింటివారి రూటరు, బ్లూటూత్ వస్తువులు, వంటింటి మైక్రోవేవ్ పొయ్యి అన్నీ ఆ దారినే తొక్కుతాయి. 5 గిగాహెర్ట్‌జ్ దారి వేగమైనది, రద్దీ తక్కువ. కాని గోడ అడ్డు వస్తే నీరసిస్తుంది. వీడియోలో మాట్లాడేవారు పెట్టె వున్న గదిలో కూర్చుని 5 వాడటం మేలు. దూరపు గదికి 2.4 మేలు. అపార్టుమెంట్లలో వుండేవారు 2.4 దారిలో 1, 6, 11 అనే ఛానళ్ళలో ఏది ఖాళీగా వున్నదో ఇంట్లోని చదువుకున్న పిల్లలచేత చూపించి మార్చుకోవచ్చు. ఈ మూడూ ఒకదాని మీద ఒకటి పడవు.

పెట్టెను నేల మీద, ఇనుప బీరువా పక్కన, అద్దం వెనుక పెట్టకండి. ఇంటి నడుమ, మనిషి తల ఎత్తున వుంటే మంచిది.

అన్నిటికంటె గట్టి పరీక్ష యిది. ఒక కంప్యూటరును ల్యాన్ తీగతో నేరుగా పెట్టెకు తగిలించి ఒక పూట వాడండి. తీగ మీద తెగకుండా వుండి, అదే పూట వైఫైలో మాత్రం తెగితే, కంపెనీవారి తీగకు ఏ పాపం తెలియదు. రెంటిలోనూ ఒకేసారి తెగితే, పెట్టెదో, దానికి అవతలిదో దోషం. ఇంట్లో ఒక్క ఫోనులోనే తెగి, మిగిలినవాటిలో బాగుంటే, ఆ ఫోనునే చూపించుకోవాలి. ఈ ఒక్క పరీక్షతో అనవసరపు ఖర్చులు ఎన్నో తప్పుతాయి.

నోటుపుస్తకం

ఇక అసలు మందు. మేము ఆఫీసులో కాగితాల మధ్య బ్రతికేవాళ్ళం. కాగితం మీద లేనిది జరగనట్లే లెక్క అని మాకు బాగా తెలుసు. పెట్టె పక్కన ఒక నోటుపుస్తకం, పెన్సిలు దారంతో కట్టి వుంచండి. ఏడు రోజులు రాయండి. తేదీ, టైము, ఎన్ని నిమిషాలు తెగింది, ఏ దీపం ఎట్లా వుంది, ఆ సమయంలో ఇంట్లోగాని బయటగాని ఏమి జరుగుతున్నది. ఉదాహరణకు యిట్లా.

ఆదివారం, ఉదయం 10-12. 4 నిమిషాలు. ఎల్.ఓ.ఎస్. ఎరుపు. గాలి ఎక్కువగా వున్నది.

సోమవారం, రాత్రి 9-05. 2 నిమిషాలు. దీపాలన్నీ బాగున్నవి. పడకగదిలో మాత్రమే.

బుధవారం, మధ్యాహ్నం 3-40. 6 నిమిషాలు. ఎల్.ఓ.ఎస్. ఎరుపు. మళ్ళీ గాలి.

ఇది చదివిన ఎవరికైనా రెండు సంగతులు తోస్తాయి. గాలికి వూగే తీగలో ఎక్కడో అతుకు వదులైంది. సోమవారపుది వేరే జబ్బు, అది వైఫైది. రెంటినీ కలిపి "మాటిమాటికీ తెగుతున్నది" అన్నంతకాలం ఒకటీ నయం కాలేదు. చలిజ్వరం రోజు విడిచి రోజు వచ్చేదా, ప్రతిరోజూ వచ్చేదా అని పూర్వం వైద్యులు అడిగేవారు. టైమే సగం రోగనిర్ణయం.

ఫిర్యాదు చేసే పద్ధతి

ఫోనులో, "మా ఇంటర్నెట్ సరిగా రావటం లేదు" అంటే, అవతలివారు, "రూటరు ఆపి పెట్టండి" అంటారు. దానికి బదులు, "ఈ వారంలో 5 సార్లు తెగింది, 4 సార్లు ఎల్.ఓ.ఎస్. ఎర్రగా వెలిగింది, తేదీలు టైములు నా దగ్గరున్నవి" అని చెప్పండి. మాట బరువు మారుతుంది. వీథిలో కన్నడమో, తమిళమో, ఒరియానో, మరాఠీనో మాట్లాడటం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. వచ్చిన మనిషితో అతని భాషలోనే మాట్లాడి, నోటుపుస్తకం చూపించండి. అతడూ కష్టజీవియే. రోగం వున్న చోటు చూపించినవారికి అతడు సంతోషంగా పనిచేస్తాడు.

ప్రతి ఫిర్యాదుకూ ఒక నంబరు యిచ్చి తీరాలి. టెలికాం నియంత్రణ సంస్థ 2012లో చేసిన నియమాల ప్రకారం, ఫిర్యాదు కేంద్రంలో పని జరగకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి వ్రాసుకోవచ్చు. దానికి రుసుము లేదు. ఆ నియంత్రణ సంస్థ మాత్రం విడి విడి ఫిర్యాదులను తానే విచారించదు. అప్పీలులోనూ న్యాయం జరగకపోతే వినియోగదారుల కమిషన్ వున్నది. అంతదూరం పోవలసి వచ్చినా, మన చేతిలో వుండేది ఆ నోటుపుస్తకమే. ఫిర్యాదు నంబరు, వచ్చిన మనిషి మీటరులో చూసిన అంకె, అతడు చేసిన మరమ్మతు కూడా అందులోనే రాయండి.

ఇండ్లలో పెద్దవారు యీ పెట్టె జోలికి పోవటానికి జంకుతారు. పిల్లలు ఊళ్ళో లేనప్పుడు ఎర్రదీపం చూచి దేవుడికి దండం పెట్టి కూర్చుంటారు. దూరాన వున్న కొడుకులకు, కోడళ్ళకు, అల్లుళ్ళకు మా మనవి ఒకటే. ఈసారి ఇంటికి వచ్చినప్పుడు ఒక అట్టముక్క మీద ఏ దీపానికి ఏ అర్థమో పెద్ద తెలుగు అక్షరాలతో రాసి, కంపెనీ ఫిర్యాదు నంబరు, మీ కనెక్షను నంబరు దాని కింద వేసి, పెట్టె పక్కన గోడకు అంటించి పొండి. పావుగంట పని. మీ అమ్మగారు, "ఎల్.ఓ.ఎస్. ఎర్రగా వుందిరా, కంప్లయింటు రాయించాను, నంబరు యిదిగో" అని మీకు ఫోనులో చెప్పేరోజున, ఆవిడ గొంతులో వినిపించే ధైర్యం ఆ పావుగంటకు తగిన ఫలమే.